రంగుచేపల యంగడి పెట్టదలచువారికి

గడచిన మిరపకోతల కాలమున మన సంఘ సభ్యులలో నొక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. కుమారుడు చదువు ముగించి యింటికి చేరినవాడు. విజయవాడలో రంగుచేపలమ్ము దుకాణములను చూచి, అట్టిదానిని నందిగామలో తానును పెట్టవలెనని నిశ్చయించుకొనెను. తండ్రి మాత్రము సందేహించుచుండెను. "అయ్యా, మిరప సొమ్ము చేతిలో నున్నది. చాలనిదానికి సంఘములో అప్పు తీయుదమని మావాడనుచున్నాడు. కూరకు పనికిరాని చేపను అద్దాల పెట్టెలో పెట్టి అమ్మినచో అన్నము పుట్టునా?" అని యాతడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు మేమిచ్చిన సమాధానము తక్కిన సభ్యులకును ఉపయోగపడునని తలచి, ఈ సంచికలో వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా నొకమాట. రంగుచేపల వర్తకుడు అమ్మునది చేపనే యైనను, అతడు దినదినము కాపాడవలసినది నీటిని. నీటిని నిలుపుట నేర్చినవానికి ఈ యంగడి అన్నము పెట్టును. నేర్వనివానికి మిరప సొమ్ము వర్షాకాలము రాకముందే నీళ్లపాలగును.

ఈ వర్తకము ఎట్లు వచ్చినది

చీనాదేశమువారు సుమారు వేయి సంవత్సరములకు పూర్వమే చెరువు చేపలలో అరుదుగా పుట్టిన యెఱ్ఱని, పచ్చని పిల్లలను ఏరి పెంచుచు బంగారుచేపను తయారుచేసిరి. మనము మంచి దూడను ఏరి జాతి నిలుపుకొన్నట్లే ఇదియు. గాజుతొట్లలో చేపలనుంచి ప్రజలకు చూపు శాల 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు తెరువబడెను. మన దక్షిణదేశమున 1909లో మదరాసు సముద్రతీరమున నట్టి శాల యొకటి వెలసి, కొంతకాలము నడచి, పిదప మూతబడెను.

నేడు మన దేశమున రంగుచేపలను ఎక్కువగా పుట్టించి పెంచు తావులు కలకత్తా పరిసరములును, చెన్నపట్టణమున కొళత్తూరును. కొళత్తూరులో ఇండ్ల వెనుకను, మేడలమీదను సిమెంటు తొట్లు కట్టి చేపలను పెంచుట కుటుంబములకు జీవనోపాధి యైనది. చేపలను ఒకటి రెండు దినములు పస్తుంచి, ప్లాస్టికు సంచిలో మూడవవంతు నీరును, మిగిలినంత ప్రాణవాయువును నింపి, మూతికట్టి, థర్మాకోలు పెట్టెలలో సర్ది రాత్రివేళ పంపుదురు. విజయవాడనుండి నందిగామకు సుమారు 50 కిలోమీటర్లు. 65వ నెంబరు జాతీయరహదారి మన యూరి ప్రక్కనుండియే పోవుచున్నది. కావున సరకు తెచ్చుకొనుట కష్టము కాదు. తెచ్చిన సరకును బ్రతికించుటయే కష్టము.

చేనిలో జరుగునదే తొట్టిలోను

చేప తన మొప్పలగుండ విసర్జించు మలినములో ప్రధానమైనది అమ్మోనియా. తినక మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. ఇది చేపకు విషము. మన రైతులకు ఈ పదార్థము క్రొత్తది కాదు. చేనికి వేసిన యూరియా మొదట అమ్మోనియాగా మారి, పిదప భూమిలోని సూక్ష్మజీవులవలన నైట్రైటుగను, అటుపై నైట్రేటుగను మారి పైరు వేళ్లకందును. 1890 ప్రాంతమున వినొగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవులను వేరుచేసి చూపెను. గాజుతొట్టిలో జరుగునదియు నిదియే. అమ్మోనియాయు నైట్రైటును చేపకు హానిచేయును. నైట్రేటు మాత్రము మిక్కిలి హెచ్చిననేగాని హానిచేయదు.

ఈ సూక్ష్మజీవులు కంకరమీదను, వడపోతలోని స్పాంజిమీదను పట్టుకొని వృద్ధిపొందును. అవి చాలినంతగా పెరుగుటకు 4 మొదలు 6 వారములు పట్టును. క్రొత్త తొట్టిలో నీరు ఎంత తేటగా నున్నను అది పండని నేలవంటిదే. తేటనీరు వేరు, పండిన నీరు వేరు.

ఈ సంగతిని పుస్తకములో చదివియుండియు మేము మొదట నష్టపడితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో వ్యవసాయ ప్రదర్శన జరిగినప్పుడు, పిల్లల వేడుకకై గాజుతొట్టి నొకదానిని పెట్టి, ఉదయమున బోరునీరు నింపి, సాయంకాలమున 12 బంగారుచేపలను విడిచితిమి. వచ్చిన పిల్లలందరు మేత వేయగా మేము వారించలేదు. నాలుగవదినమున మూడు చచ్చెను. నీరు పాడైనదని తలచి, నీటినంతయు పారబోసి, కంకరను వేడినీట కడిగి, మరల క్రొత్తనీరు నింపితిమి. మరునాటికి మరి ఆరు చచ్చెను. అప్పుడే పుట్టుచున్న సూక్ష్మజీవులను మా చేతులారా చంపుకొన్నామని తరువాత తెలిసినది. యూరియా సంగతి రైతులకు ఊరూర బోధించు మేమే దానిని తొట్టిలో గుర్తింపలేకపోతిమి.

కావున నేర్చుకొనవలసిన పద్ధతి యిది. తొట్టిని నింపి, గాలియంత్రమును వడపోతను నడిపించుచు, మొదట గట్టి జాతి చేపలను రెండు మూడింటిని మాత్రమే విడువవలెను. పండిన తొట్టిలోని స్పాంజి ముక్కను క్రొత్త వడపోతలో నుంచినచో పాలలో తోడువేసినట్లు పని త్వరపడును. వారమున కొకసారి నాలుగవవంతు నీటినే మార్చవలెను. ఎన్నడును అంతయు పారబోయరాదు. స్పాంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టిలోనుండి తీసిన నీటిలోనే పిండవలెను. అమ్మోనియాను తెలిసికొనుటకు చుక్కలమందు పరీక్షాపెట్టెలు దొరకును. యంగడివాడు ఆ పెట్టె లేక వ్యాపారమునకు దిగుట, త్రాసు లేక దుకాణము తెరచుటవంటిది. తీసిన మురికినీటిని కూరపాదులకు పోసికొనవచ్చును; ఉప్పుగాని మందుగాని కలిపిన నీటిని మాత్రము పోయరాదు.

మన ప్రాంతపు నీటి గుణము

జగ్గయ్యపేట వైపు భూమిలో సున్నపురాయి మెండుగా నున్నది. సిమెంటు కర్మాగారములు అక్కడ వెలయుటకు కారణమదియే. అట్టి రాతినుండి ఊరిన నీరు కఠినజలము. అందు కందిపప్పు త్వరగా నుడుకదు, సబ్బు నురుగు కట్టదు, కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టును. నీటి పరీక్షలో దాని పి.హెచ్. సంఖ్య 7కు పైన నుండును. భూసార పరీక్ష చేయించిన రైతులు ఈ సంఖ్యను ఎరుగుదురు.

ఇట్టి నీటిలో అమ్మోనియా మరింత ప్రమాదకరము. 25 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7గా నున్నప్పుడు మొత్తము అమ్మోనియాలో విషరూపమున నుండునది నూటికి ఒకటికన్న తక్కువ. 8గా నున్నప్పుడు సుమారు 5. 9గా నున్నప్పుడు మూడవవంతును మించును. మెత్తని నీరుగల యూరిలో సాగిపోయిన నిర్లక్ష్యము మన యూరిలో సాగదు.

అయితే ఈ నీరే కొన్ని జాతులకు అనుకూలము. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డుటెయిలు అనునవి కఠినజలమును కోరును. ఇవి గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. నెలకొక యీతచొప్పున ఇంటనే వృద్ధిపొందును. గప్పీ దోమపిల్లలను తినునని 1908లోనే మన దేశమునకు తేబడినది. బంగారుచేపయు ఈ నీటికి తాళును. అమెజాను నదీప్రాంతమునుండి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కసు మొదలగునవి మెత్తని నీటి చేపలు. అవి యెంత యందముగా నున్నను, క్రొత్తవాడు వాని జోలికి పోరాదు. నేలనుబట్టి పైరు వేయునట్లే నీటినిబట్టి చేపను తేవలెను.

కుళాయినీటిలో క్లోరిను ఉండును. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ. కావున ఏ నీటినైనను ఒక దినము వెడల్పైన తొట్టిలో నిలువబెట్టి, గాలి కొట్టించి వాడవలెను. మునియేటి నీటిని నేరుగా తెచ్చి పోయరాదు. పరాన్నజీవులును, చేల మందులును అందు కలిసి రావచ్చును.

వేసవియు, పురుగుమందులును

మన నందిగామలో వేసవి యెండలు 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. నీరు వేడెక్కినకొలది దానిలో నిలుచు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీలలో లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టు నీరు 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే పట్టును. చేపకు కావలసినదో, వేడిమితోబాటు హెచ్చుచుండును. కావున వేసవి మూడు నెలలు సగము సరకే యుంచవలెను. కిటికీలకు తడిగోనెలు కట్టి, నీటిమీదుగా పంకా గాలి పోవునట్లు చూడవలెను. మంచుగడ్డను తొట్టిలో వేయరాదు. వేడిమి ఒక్కసారి పడిపోయినచో చేప తట్టుకొనలేదు. కరెంటు పోయినప్పుడు నడచుటకు బ్యాటరీ గాలియంత్రము తప్పక యుండవలెను. ఒక్క రాత్రి కరెంటు పోయినందుననే అంగడి ఖాళీ యగుట సంభవించును.

రైతు కుటుంబములవారు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. మిరపకును ప్రత్తికిని చల్లు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు చేపకు మిక్కిలి తీవ్రమైన విషములు. మందు చల్లివచ్చిన చేతిని తొట్టిలో పెట్టరాదు. మందు డబ్బాలున్న గదిలో చేపలనుంచరాదు. దోమలచక్రములలోను ఇదే జాతి మందు వాడబడుచున్నది. గదిలోని గాలినే గాలియంత్రము నీటిలోనికి నెట్టును గనుక, చేపలున్న గదిలో వానిని వెలిగింపరాదు.

వచ్చిన చేపను చేర్చుకొనుట

సరకు వచ్చినవెంటనే సంచిని విప్పి తొట్టిలో కుమ్మరింపరాదు. మూతికట్టిన సంచిని 15, 20 నిమిషములు తొట్టినీటిపై తేలనిచ్చి, రెండింటి వేడిమి సమానమైన పిదప, తొట్టినీటిని కొద్దికొద్దిగా సంచిలో కలుపవలెను. తరువాత చేపను వలతో తీసి తొట్టిలో విడిచి, సంచినీటిని పారబోయవలెను.

క్రొత్త చేపలను అమ్మకపు తొట్లలో కలుపక, కనీసము రెండు వారములు వేరుతొట్టిలో నుంచవలెను. సంతలో కొన్న యెద్దును నేరుగా మన కొట్టములో కట్టివేయము గదా! వేరుతొట్టి వలను, బకెట్టును ఇంకొకదానిలో ముంచరాదు. చేపమీద ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లచుక్కలు కనబడిన, అది ఇక్ యను పరాన్నజీవివలని రోగము. చేప శరీరముమీద నున్నంతవరకు మందు దానికి తగులదు. రాలి, పగిలి, నీటిలో పిల్లలు ఈదునప్పుడే తగులును. కావున చుక్కలు పోయినవని చికిత్స మానరాదు. లీటరుకు 2 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, వేడిమిని మెల్లగా 30 డిగ్రీలవరకు హెచ్చించి, గాలిని ఎక్కువచేసి, కనీసము పది దినములు కాపాడవలెను.

మేత దినమునకు రెండుసార్లు, రెండు మూడు నిమిషములలో తినివేయునంతయే వేయవలెను. ఆకలిచే చచ్చు చేపలకన్న అతిమేతచే చచ్చునవి అనేకములు.

లాభనష్టముల లెక్క

లెక్కకొరకు ఒక ఉదాహరణము తీసికొందము. చేప యొక్కటి 10 రూపాయలచొప్పున 100 చేపలకు 1,000 రూపాయలు, తెచ్చుటకు 300, వెరసి 1,300. ఒక్కొక్కటి 25 రూపాయలకు అమ్మితిమనుకొందము. ఒక్కటియు చావనిచో 2,500 వచ్చి 1,200 మిగులును. 20 చచ్చినచో 2,000 వచ్చి 700 మిగులును. 48 చచ్చినచో 1,300 మాత్రమే వచ్చి, చేతిలో నేమియు మిగులదు. అద్దె, కరెంటు, మేత ఇంకను లెక్కలో చేర్చలేదు. బేరమాడి రూపాయి తగ్గించి తెచ్చిన లాభముకన్న, బ్రతికించిన చేపల లాభమే పెద్దదని దీనివలన స్పష్టము.

ఇక చేపలమీదనే అంగడి నిలువదు. తొట్టి, మూత, దీపము, గాలియంత్రము, వడపోత, మేత మొదలగు చావులేని సరకు అందులకు ఆధారము. వైద్యశాలలలోను, రహదారి ప్రక్కనున్న హోటళ్లలోను తొట్లుంచినవారికి నెలనెల శుభ్రపరచి యిచ్చు ఒడంబడిక కుదుర్చుకొన్నచో, అమ్మకము లేని నెలలోను రాబడి యుండును. తొట్టి బల్ల గట్టిదై యుండవలెను. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తుగల తొట్టిలో నీటి బరువే సుమారు 127 కిలోలు.

కొనువానికి నిజము చెప్పుట

కొనవచ్చినవాడు తొట్టిని, చేపలను ఒకేదినమున తీసికొనిపోగోరును. అమ్మివేసినచో ఆనాటికి లాభమే. కాని వారము తిరుగకమునుపు చేపలు చచ్చును. వాడు తొట్టిని అటకమీద పెట్టి, మరల అంగడి గుమ్మము త్రొక్కడు. "తొట్టిని నేడు తీసికొనిపొండు, నీటిని నడిపించి, పదిదినముల పిమ్మట మూడు చేపలు తీసికొనిపొండు, నెల దాటిన పిదప మిగిలినవి" అని చెప్పగలవాడే పదేండ్లు వ్యాపారము చేయును. బంగారుచేప చక్కగా పెంచినచో పదేండ్లకు పైగా బ్రతుకును. పదేండ్లు మేత కొను ఖాతాదారుడును అంతకాలముండును. చిన్న గుండ్రని గాజుగిన్నెలో దానిని పెట్టి అమ్ముట దానిని చంపుటయే.

అంగళ్లలో "షార్కు" అను పేర అమ్మునది, కృష్ణా, పశ్చిమగోదావరి చెరువులలో కూరకై పెంచెడి పంగాసు చేపయే. అది మూడడుగులకు మించి పెరుగగలదు. ఈ నిజము చెప్పక అమ్మరాదు. తొట్టి గోడల పాచి తినునని అమ్మెడి సక్కరు చేప మరియొకటి. దక్షిణ అమెరికానుండి వచ్చిన దీనిని, పెద్దదైనదని విసిగినవారు కాలువలలో విడువగా, మన యాంధ్రదేశపు చెరువులలో వ్యాపించి, ముళ్లతో వలలు చించి, పెంపకపు చేపల మేత తినుచు రైతులను బాధించుచున్నది. "దయ్యపుచేప" యని వారు దానిని పిలుచుట ఊరకయే కాదు. అక్కరలేని చేపను మునియేటిలోగాని, సాగరు కాలువలోగాని, ఊరిచెరువులోగాని విడువవద్దనియు, అంగడికే తిరిగి యిమ్మనియు వర్తకుడు ప్రతివానికి చెప్పవలెను. నక్షత్రపు తాబేళ్లను కావలెనని అడుగువారును కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వానిని అమ్ముట నేరము.

సహాయము, అప్పు

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద పథకములో ఇంటి పెరటి రంగుచేపల పెంపకమునకు 3 లక్షల రూపాయల వ్యయము నిర్ణయించి, అందులో సామాన్యులకు నూటికి 40, స్త్రీలకును షెడ్యూల్డు కులముల, తెగలవారికిని నూటికి 60 వంతున సహాయము నేర్పరచిరి. దరఖాస్తు పెట్టుటకు ముందు మత్స్యశాఖవారి కార్యాలయమున ఈ యేటి నిబంధనలను కనుగొనవలెను. భువనేశ్వరము నొద్దనున్న కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రము కలదు. అచ్చట సలహా పొందవచ్చును. ఒక మాట మరువరాదు. సహాయము తొట్లను కొనిపెట్టునుగాని నీటిని పండించిపెట్టదు.

మే మాతండ్రికి చెప్పినది

మిరప సొమ్ములో పదవవంతు మాత్రమే దీనికి వేరుచేయుడని తండ్రితో చెప్పితిమి. కుమారునితో, ఇంటి వసారాలో నాలుగు తొట్లు పెట్టి, గప్పీలను మోలీలను పెంచుమనియు, ఒక చిన్న పుస్తకములో ప్రతిదినము నీటి వేడిమిని, వేసిన మేతను, చచ్చిన చేపల సంఖ్యను వ్రాయుమనియు చెప్పితిమి. మేము చదివిన మిషను బడిలో ప్రకృతిపాఠము చెప్పు ఉపాధ్యాయుడు, చూచినదానిని ఆ పూటనే వ్రాయింపక మమ్ము బయటికి పంపెడివాడు కాడు. ఆ యలవాటు మాకు పొలములో పనికివచ్చినంతగా మరేదియు పనికిరాలేదు. వరుసగా అరువది దినములు చేప చావక గడచిన పిదప అంగడి మాట, అప్పు మాట తలపెట్టవచ్చునని కుమారునికి స్పష్టపరచితిమి.

మొదటి నెలలో అతనికి 11 చేపలు చచ్చెను. రెండవ నెలలో, వేసవి నడుమ, ఒకరాత్రి కరెంటు పోయి మరి 7 పోయెను. అబ్బాయి సిగ్గుపడి మా యింటికి రాక తప్పించుకొని తిరుగగా, తండ్రియే వచ్చి చెప్పెను. ప్రత్తి మొదటిసారి వేసినయేడు తానును నష్టపడితినని కుమారునికి ధైర్యము చెప్పినట్లు తెలిపెను. ఈ వర్షాకాలమున అబ్బాయి తానే పుస్తకము చేతబట్టుకొని వచ్చెను. చావు లేని దినములు 42 అని లెక్కించి చూపెను. మోలీలు రెండీతలు ఈనినవట.

అప్పు దరఖాస్తు ఇంకను సంఘమునకు రాలేదు. వచ్చిననాడు ఆ పుస్తకమును గూడ జతచేసి తెమ్మని అబ్బాయికి చెప్పితిమి. సంఘమువారు దానిని చూచియే నిర్ణయింతురు.